5హెచ్ కోర్ క్యాచర్‌లో హక్స్‌లీ, లకునోసా రెండూ ఉన్నాయి. ఏ వయసు నమ్మాలి?

పొరలలెక్క:
బంగాళాఖాతం పడమటి అంచున, సుమారు 1500 మీటర్ల నీటి అడుగు నుంచి తీసిన ఏపీసీ కోర్లకు (పిస్టన్ గొట్టం గుచ్చి తీసిన పొడవాటి మట్టి కడ్డీలు, వాటి నంబరు పక్కన హెచ్ రాస్తారు) వయసు లెక్క కడుతున్నాను. చేతిలో ఉన్నవి కోర్ క్యాచర్ (సీసీ) శాంపిళ్లు మాత్రమే, అంటే గొట్టం అడుగున మట్టి జారిపోకుండా పట్టే భాగంలో దొరికిన ముద్దలు. 1హెచ్ కోర్ 6 మీటర్ల దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి ఒక్కో కోరు 9.5 మీటర్లు. అంటే 2హెచ్-సీసీ 15.5, 3హెచ్-సీసీ 25, 4హెచ్-సీసీ 34.5, 5హెచ్-సీసీ 44, 6హెచ్-సీసీ 53.5, 7హెచ్-సీసీ 63 మీటర్ల లోతున ఉన్నాయి. 9హెచ్-సీసీ 82 దగ్గర.

స్మియర్ స్లైడుల్లో (గాజు పలక మీద పలచగా పూసిన మట్టి), 1000 రెట్ల కింద నూరేసి ఫీల్డులు (మైక్రోస్కోపులో ఒకసారికి కనిపించే మేర) చూస్తే కనిపించిన కొకోలిత్‌లు, అంటే సముద్రపు సూక్ష్మ శైవలాల సున్నపు పలకలు:

ఎమిలియానియా హక్స్‌లీ 1హెచ్ నుంచి 4హెచ్ దాకా నిండుగా ఉంది. 5హెచ్-సీసీలో కొద్దిగా ఉంది. 6, 7, 8లో లేదు. 9హెచ్-సీసీలో మళ్లీ ఆరేడు కనిపించాయి.

సూడోఎమిలియానియా లకునోసా 5హెచ్-సీసీలో 3, 6హెచ్-సీసీలో 2 మాత్రమే. 7హెచ్-సీసీకి వచ్చేసరికి ఫీల్డుకి రెండు మూడు చొప్పున ఉంది, కిందికి అలాగే కొనసాగింది.

7హెచ్-సీసీలో నాలుగు డిస్కోయాస్టర్లు (నక్షత్రాల్లాంటి సున్నపు శిలాజాలు, ఎప్పుడో అంతరించినవి) కూడా ఉన్నాయి. వాటిని నమ్మితే 63 మీటర్ల దగ్గరే 19 లక్షల ఏళ్లు దాటాలి.

ఫోరామినిఫెరాలో (పెంకు కట్టుకునే ఏకకణ జీవులు, పొట్టిగా ఫోరామ్) గులాబీ రంగు గ్లోబిజెరినాయిడిస్ రూబర్ 2హెచ్-సీసీలో లేదు, 3హెచ్-సీసీలో ఉంది. అయితే ఫోరామ్ శాంపిళ్ల పరిస్థితి అసలు బాగోలేదు. 20 ఘన సెంటీమీటర్ల మట్టి కడిగితే 63 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలేది చిటికెడు. అందులోనూ అభ్రకం, నల్లటి పైరైట్, గాజు సూదుల్లాంటి పలుకులు, కరగని బంకమట్టి ఉండలే ఎక్కువ.

హక్స్‌లీ, లకునోసా ఒకే స్లైడులో ఉంటే ఏది పక్కన పెట్టాలి? కడగడంలో ఎక్కడ తప్పు చేస్తున్నాను?

నానోవేట:
ఆ రెండూ ఎప్పుడూ కలిసి బతకలేదండీ. 2012 భూగర్భ కాలమాన స్కేలు ప్రకారం లకునోసా 4.4 లక్షల ఏళ్ల కిందట పోయింది, హక్స్‌లీ 2.9 లక్షల ఏళ్ల కిందట వచ్చింది. మధ్యలో లక్షన్నర ఏళ్ల ఖాళీ. కాబట్టి మీ 5హెచ్-సీసీలో కనీసం ఒకటి పరాయిది. రెండూ పరాయివే కావచ్చు కూడా, నా అనుమానం అదే.

పరాయిది ఏ దిక్కు నుంచి వచ్చిందో ముందు తేల్చుకోండి. రీవర్క్ అంటే పాత మట్టి కొట్టుకొచ్చి కొత్త పొరలో కలవడం. అది ఎప్పుడూ పాత జాతిని పైకి తెస్తుంది, దానివల్ల టాప్‌లు (జాతి అంతరించిన మట్టాలు) చెడిపోతాయి. కలుషితం దీనికి తలకిందులు. కొత్త జాతిని కిందికి దింపుతుంది, బేస్‌లను (జాతి మొదట కనిపించిన మట్టాలు) చెడగొడుతుంది. లకునోసా విషయంలో మనకి కావలసింది టాప్, హక్స్‌లీ విషయంలో బేస్. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

లకునోసాకి మందు లెక్కే. మూడు, రెండు అంటున్న చోట్లను పట్టించుకోకండి. నూరు ఫీల్డులకి మూడు ఎక్కడ, ఫీల్డుకి రెండు మూడు ఎక్కడ! సంఖ్య ఒక్కసారిగా పడిపోయే చోటే టాప్, ఆఖరి గింజ కనిపించిన చోటు కాదు. అంటే మీ టాప్ 6హెచ్-సీసీకీ 7హెచ్-సీసీకీ మధ్య, 58.25 మీటర్లు, అటూ ఇటూ 4.75. దీన్ని 4.4 లక్షలతో భాగిస్తే మట్టి పేరుకునే వేగం వెయ్యేళ్లకి 13.2 సెంటీమీటర్లు వస్తుంది. నది మట్టి దండిగా దిగే అంచుకి ఇది ఒప్పే వేగమే.

డిస్కోయాస్టర్లు రీవర్క్. ఆ కుటుంబంలో చివరిది, బ్రౌవెరి, 19.3 లక్షల ఏళ్ల దగ్గర పోయింది. దాని కాల్సైట్ మందంగా ఉంటుంది, తేలిగ్గా కరగదు, కాబట్టి ఎన్నిసార్లు కొట్టుకొచ్చినా తట్టుకుంటుంది. ఒకసారి చేతుల అంచులు చూడండి. పక్కనున్న జెఫైరోకాప్సా (మరో కొకోలిత్) శుభ్రంగా ఉండి, డిస్కోయాస్టర్ చేతులు మాత్రం కాల్సైట్ పేరుకుని లావెక్కి ఉంటే, రెండూ ఒకే పొరలో పుట్టినవి కావని అక్కడే తేలిపోతుంది.

హక్స్‌లీ దగ్గరే చిక్కు. రెండు నుంచి నాలుగు మైక్రాన్ల వస్తువు, క్రాస్ పోలరైజర్ల కింద మసగ్గా చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. చిన్న జెఫైరోకాప్సాకి మధ్యలో ఏటవాలు వంతెన ఉంటుంది. కాల్సైట్ కాస్త కరిగితే మొదట పోయేది ఆ వంతెనే. వంతెన పోయిన జెఫైరోకాప్సాని హక్స్‌లీ అనుకోవడం చాలా మామూలు. మీ 9హెచ్-సీసీలో ఉన్న ఆరేడు అవే అయుండాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే చూడండి. హక్స్‌లీ అంచు పళ్ల మధ్య సందులుంటాయి, ఒక్కో పన్ను ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉంటుంది. అది కనిపించకపోతే ఆ పేరు రాయకండి.

స్మియర్ ఎలా చేస్తున్నారో రాయలేదు. టూత్‌పిక్ మొన మీద నిలిచినంత మట్టి చాలు. రెండు మూడు చుక్కల నీళ్లలో పరిచి, కింద పెట్టిన కాగితం మీది అచ్చు చదవగలిగేంత పలచన చేయండి. హాట్ ప్లేట్ మీద పూర్తిగా ఆరాక నార్లాండ్ 61 జిగురు ఒక చుక్క వేసి, కవర్ స్లిప్ దించి, అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టండి. తడి మిగిలితే బుడగలు వస్తాయి. చిక్కగా ఉంటే చిన్న కొకోలిత్‌లు పెద్దవాటి కింద దాక్కుంటాయి, మీ హక్స్‌లీ లెక్క అక్కడే తప్పుతుంది. శాంపిలుకొక టూత్‌పిక్, వాడింది పారేయాలి. నీటి చుక్కల సీసా మొన మట్టికి తగలనివ్వకండి. తగిలితే ఆ సీసాయే కలుషితానికి మూలం అవుతుంది.

డెక్కుమీదికోరు:
నానోవేట గారు చెప్పినదానికి కోర్ వైపు నుంచి కొంత కలుపుతాను. క్యాచర్ శాంపిల్ అన్నిటికన్నా త్వరగా దొరుకుతుంది, అందుకే ఓడ మీద దాంతో మొదలుపెడతారు. అన్నిటికన్నా మురికైనది కూడా అదే.

శాంపిల్లో పరాయి మట్టి కలవడానికి దారులు నాలుగు.

ఒకటి, బోరు గోడ నుంచి రాలిన మట్టి. రెండు కోర్ల మధ్య విరామంలో గోడ విరిగి బోరు అడుగున పడుతుంది, తర్వాతి కోరు ముందు దాన్నే మింగుతుంది. అంటే ఈ చెత్త కోరు పైభాగంలో, మొదటి సెక్షన్ మొదటి పదుల సెంటీమీటర్లలో ఉంటుంది. క్యాచర్ కోరుకి అడుగు, కాబట్టి మీ కేసులో దీన్ని పక్కన పెట్టొచ్చు.

రెండు, ముందు కోరు మట్టి. క్యాచర్ ఇనుప భాగాలు, బల్ల, కత్తి సరిగా కడగకపోతే ముందు కోరు బంక తర్వాతి శాంపిలుకి అంటుకుంటుంది. ముందు కోరు ఎప్పుడూ పైదే, అంటే ఎప్పుడూ కొత్తదే. 4హెచ్‌లో హక్స్‌లీ నిండుగా ఉందన్నారు. 5హెచ్-సీసీకి అది అంటుకుని ఉంటే మీ లెక్క సరిపోతుంది. 9హెచ్‌కి ఇది సరిపోదు, ఎందుకంటే 8హెచ్‌లో హక్స్‌లీ లేదు.

మూడు, సముద్రపు నీరు. ఏపీసీ బ్యారెల్‌ని (కోరు గొట్టాన్ని) మట్టిలోకి తోసేది పైపులోకి పంపు చేసిన ఉపరితల జలంతోనే. ఒత్తిడి పెరిగి షియర్ పిన్నులు తెగితే బ్యారెల్ క్షణాల్లో 9.5 మీటర్లు మట్టిలోకి దూసుకుపోతుంది. ఆ నీళ్లలో ఇవాళ బతికున్న హక్స్‌లీ, జెఫైరోకాప్సా ఓషియానికా ఉంటాయి. క్యాచర్ మట్టి పైకొచ్చేటంత సేపూ ఆ నీళ్లలోనే నానుతుంది. సంఖ్య తక్కువే గానీ, మనం వెతికేదీ తక్కువ సంఖ్యే కదా.

నాలుగు, స్ట్రోక్ (బ్యారెల్ మట్టిలోకి దూసుకెళ్లడం) పూర్తికాకపోవడం. బ్యారెల్ సగంలో ఆగితే పైకి లాగేటప్పుడు సిరంజిలా పనిచేసి అడుగు నుంచి మట్టిని పీలుస్తుంది. దీన్ని ఫ్లో-ఇన్ అంటారు. నిలువు చారలు కనిపిస్తే అదే. ఇది వయసుని ముందుకో వెనక్కో పెద్దగా జరపదు, కానీ పొరల్ని కలిపేస్తుంది. స్ట్రోక్ పూర్తయిందో లేదో కోరింగ్ సమ్మరీ పట్టికలో ఉంటుంది, చూడండి.

చేయాల్సిన పని ఒకటే. క్యాచర్ ముద్ద చుట్టూ ఒక సెంటీమీటరు చెక్కి పారేసి, నడిమధ్య నుంచి కొత్తగా స్మియర్ వేయండి. దాంతో పాటు 5హెచ్ కోరులోని సెక్షన్ల నుంచి శాంపిళ్లు అడగండి. కోరుని 1.5 మీటర్ల సెక్షన్లుగా కోస్తారు. మీ వేగం ప్రకారం హక్స్‌లీ బేస్ 38 మీటర్ల చుట్టుపక్కల ఉండాలి. అది 5హెచ్ మూడో సెక్షన్ (37.5 నుంచి 39). కాబట్టి 5హెచ్-3, 5హెచ్-5 చాలు, కోరంతా తవ్వక్కర్లేదు.

లోతు గురించి ఒక మాట. ఇలాంటి అంచుల్లో మీథేన్ ఎక్కువగా ఉండొచ్చు. పైకి తెచ్చాక వాయువు ఉబ్బి 9.5 మీటర్ల స్ట్రోక్‌కి పది మీటర్లు మట్టి కనిపించవచ్చు. ఉబ్బిన అడుగు తర్వాతి కోరు తల మీదికి వస్తుంది కాగితం మీద. దీనికి తలకిందులు ఇంకొకటి: తక్కువ మట్టి దొరికిన కోర్లకి దాన్ని విరామం పైభాగానికే అంటించడం రివాజు. మూడు మీటర్లే దొరికితే క్యాచర్‌కి పై నుంచి మూడు మీటర్ల లోతు రాస్తారు, నిజానికి అది ఇంకో 6.5 మీటర్ల కింద ఎక్కడిదైనా కావచ్చు. మీ వేగంలో 6.5 మీటర్లంటే దాదాపు 50 వేల ఏళ్లు. రికవరీ (దొరికిన మట్టి) శాతం చూడకుండా వయసు గీత గీయకండి.

జల్లెడ63:
ఫోరామ్ శాంపిల్ చూడకుండానే ఒకటి చెప్పొచ్చు. ఆ గాజు సూదులు సముద్రంలో పుట్టినవి కావు, గిడ్డంగిలో పుట్టినవి. అవి జిప్సం అయుండాలి.

మీథేన్ ఉన్న అంచుల్లో సల్ఫైడు, ఇనుము కలిసి పైరైట్ అవుతుంది, ఫోరామ్ గదుల లోపల కూడా నిండుతుంది. కోరు బయటికొచ్చి గాలి తగిలాక ఆ పైరైట్ ఆక్సీకరణ చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం పుట్టిస్తుంది. ఆమ్లం పక్కనున్న కాల్సైట్ పెంకుని తింటుంది, అందులోంచి విడుదలైన కాల్షియం సల్ఫేట్‌తో కలిసి జిప్సం పలుకులవుతుంది. కాబట్టి మీ శాంపిల్లో ఫోరామ్‌లు తక్కువగా ఉండడానికి నది మట్టి కలిసి పలచబడడం ఒక కారణమైతే, సంచిలో సగం కరిగిపోవడం ఇంకో కారణం. కోర్లు తీసే ఓడ జాయిడిస్ రిజల్యూషన్ యాత్రలు 2024లో ముగిశాయి, కొత్త కోర్లు ఎప్పుడో. చేతిలో ఉన్న పాత మట్టినే వాడుకోవాలి కాబట్టి ఈ సంగతి పట్టించుకోక తప్పదు. శాంపిల్ రాగానే కడిగేయండి, తడిగా సంచిలో నెలల తరబడి ఉంచకండి.

కృష్ణా-గోదావరి లోయలో 2006లో ఎన్‌జీహెచ్‌పీ-01 (భారత గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం) యాత్ర తీసిన మట్టిలోనూ ఇలాంటి సమస్యలే చూసుకోవాలి. అక్కడ పదో సైటులో బంకమట్టి పగుళ్ల నిండా గ్యాస్ హైడ్రేట్ (మీథేన్ చిక్కుకున్న మంచులాంటి గడ్డ) ఉంది. అది కరిగిన చోట కోరు జావలా, నురగలా అవుతుంది. ఆ జావలోంచి మాత్రం వయసు శాంపిల్ తీయకూడదు.

ఇక కడగడం. మట్టిని 50 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టి బరువు చూడండి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో చిటికెడు బోరాక్స్ కలిపి నానబెట్టండి. సీసాలో వచ్చే పెరాక్సైడ్‌కి కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది, అది పలచని పెంకుల్ని తినేస్తుంది. బోరాక్స్ వేసేది అందుకే, ఉండలు విప్పడానికి మాత్రమే కాదు. అది పెట్టి గంటలకొద్దీ కాగబెట్టకండి.

నానిన ముద్దని 63 మైక్రాన్ల జల్లెడ మీద పలచటి ధారతో కడగండి. వేళ్లతో నలపకండి. ఉండలు మిగిలితే ఆరబెట్టి మళ్లీ నానబెట్టాలి. బంకమట్టి ఎండినప్పుడు బీటలు వారి, రెండోసారి నీళ్లు పీల్చి విడిపోతుంది. రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు విప్పుకుంటాయి. అల్ట్రాసోనిక్ పెట్టాలంటే కొన్ని సెకన్లే. నిమిషం పెడితే మిగిలిన కొద్ది పెంకులూ ముక్కలవుతాయి.

జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది, లీటరుకి రెండు గ్రాముల పైచిలుకు. కాబట్టి మిగులుని ఎక్కువ నీళ్లలో వదిలి, నీళ్లు మారుస్తూ పోతే తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చి పుల్లబడుతుంది, అందుకే ఒక చుక్క అమ్మోనియా వేసి పీహెచ్ 8కి తెచ్చుకోండి. తీర ప్రాంతపు బోరు నీళ్లతో మొదటి కడుగు పరవాలేదు గానీ చివరి కడుగు దానితో చేస్తే ఉప్పు పలుకులు అంటుకుంటాయి.

ప్రతి శాంపిలుకీ మధ్య జల్లెడని మిథిలీన్ బ్లూలో ముంచండి. కన్నాల్లో ఇరుక్కున్న పాత పెంకు నీలంగా మారుతుంది. తర్వాతి శాంపిల్లో నీలం గింజ కనిపిస్తే అది పరాయిదని చూడగానే తెలిసిపోతుంది. ఒక చిన్న సీసా రంగు ఎంత అనుమానాన్ని తీరుస్తుందో!

వయసుకైతే 150 మైక్రాన్ల పైవి చూడండి. ట్రిపుల్ జీరో బ్రష్ మొన తడిపి ఏరడం, అరవై గళ్ల స్లైడు మీద ట్రాగకాంత్ జిగురుతో అతికించడం మామూలే. బంగాళాఖాతంలో శాంపిల్ నిండా పెంకులు దొరకకపోతే శాంపిల్‌ని భాగాలు చేయకుండా మొత్తం చూడండి. మూడొందలు లెక్కపెట్టాలన్న నియమం వాతావరణ అధ్యయనాలకి, జాతి ఉందా లేదా తేల్చడానికి కాదు.

గులాబీ రూబర్ గురించి. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో అది 1.2 లక్షల ఏళ్ల దగ్గర మాయమైంది, అట్లాంటిక్‌లో ఇప్పటికీ బతికే ఉంది. మీ టాప్ 2హెచ్-సీసీ, 3హెచ్-సీసీల మధ్య 20.25 మీటర్లు. భాగిస్తే వెయ్యేళ్లకి 16.9 సెంటీమీటర్లు వస్తుంది, కంగారు పడకండి. 13.2 వేగంతో వెళితే 15.8 మీటర్ల దగ్గర ఉండాలి, అది మీ 15.5-25 విరామంలోనే ఉంది. రంగు వెలిసిపోతుంది కూడా, మొదటి గదుల్లో చూడండి. చివరి గది తెల్లగా ఉంటే లేదని రాసేయకండి.

పొరలలెక్క:
అందరికీ ధన్యవాదాలండీ. 5హెచ్-సీసీ ముద్ద చుట్టూ చెక్కి నడిమధ్య నుంచి మూడు స్మియర్లు వేశాను. హక్స్‌లీ ఒక్కటీ లేదు. లకునోసా మాత్రం నూరు ఫీల్డులకి రెండు మూడు అలాగే ఉంది. 5హెచ్-3 (38.25 మీ.)లో హక్స్‌లీ కొద్దిగా కానీ నిలకడగా ఉంది, 5హెచ్-5 (41.25 మీ.)లో లేదు. బేస్ 39.75, అటూ ఇటూ 1.5. వేగం 13.7 వస్తోంది. 9హెచ్-సీసీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే టీ ఆకారం పళ్లు ఎక్కడా లేవు. రెండింటిలో విరిగిన వంతెన మొద్దులు కనిపించాయి.

ఒక సందేహం. క్యాచర్‌లో 44 మీటర్ల దగ్గర లకునోసా రెండు మూడు ఉన్నాయి, నడిమధ్య నుంచి తీసినా పోలేదు. వాటిని రీవర్క్ అని పట్టికలో ఎలా రాయాలి?

నానోవేట:
పోకపోవడమే రుజువు. కలుషితమైతే బయటి పొరతో పాటే పోయేది, ఇది మట్టి లోపలే ఉంది. పట్టికలో సంఖ్యకి పక్కన రీవర్క్ గుర్తు పెట్టండి, తీసేయకండి. రేపు ఎవరైనా నది మట్టి ఎక్కడ కోసుకొచ్చిందో వెతికితే ఆ రెండు మూడు గింజలే కావాలి. 9హెచ్ వరుసలో హక్స్‌లీ కొట్టేసి, "చిన్న జెఫైరోకాప్సా, వంతెన లేనిది" అని రాయండి.

లకునోసా టాప్ ఇంకా అటూ ఇటూ 4.75 మీటర్ల అనిశ్చితిలోనే ఉంది. 7హెచ్ కోరు (53.5 నుంచి 63) మీద కూడా ఇదే పని చేయండి, 7హెచ్-2, 7హెచ్-4, 7హెచ్-6 నుంచి.

డెక్కుమీదికోరు:
శాంపిల్ దరఖాస్తు పెట్టేముందు ఆ కోర్లు ఎక్కడున్నాయో చూసుకోండి. హిందూ మహాసముద్రం కోర్ల గిడ్డంగి జపాన్‌లోని కొచ్చిలో ఉంది, మన కేరళ కొచ్చి కాదు. 7హెచ్ స్ట్రోక్ పూర్తయిందో లేదో కూడా చూడండి. సగం స్ట్రోక్ అయితే 6వ సెక్షన్ ఫ్లో-ఇన్ అయ్యే అవకాశం ఉంది. కోరు ఫోటోలో నిలువు చారలుంటే దాన్ని వదిలేసి 5వ సెక్షన్ అడగండి.

జల్లెడ63:
అడిగేటప్పుడు ఫోరామ్ కోసం 20 ఘన సెంటీమీటర్లు కూడా కలిపి అడగండి. పార్సెల్ చేరిన వారంలోనే కడిగేయండి.